ఒంటి పొరా, రెండు పొరలా? తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారు హ్యామక్ ఎంచుకునే విధానం

హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య వేలాడదీసి పడుకునే గుడ్డ ఊయల, కొనదలచినవారు మొదట ఆగిపోయేది ఒక్కచోటే: ఒంటి పొరది తీసుకోవాలా, రెండు పొరలది తీసుకోవాలా? చాలామంది దీనిని బలానికి సంబంధించిన ప్రశ్నగా తీసుకొని, రెండు పొరలుంటే రెట్టింపు గట్టిగా ఉంటుందన్న నమ్మకంతో, బరువూ ధరా ఎక్కువైనా దానివైపే మొగ్గుతారు. నా అభిప్రాయంలో ఇది వీపుకు సంబంధించిన ప్రశ్న. హ్యామక్‌లో పడుకున్నప్పుడు వీపు కింద నేల ఉండదు, పరుపు ఉండదు, గుడ్డ ఒక్కటే ఉంటుంది. ఆ గుడ్డ గుండా గాలి ఆడాలా, చలిని ఆపే చాప ఒకటి అక్కడ నిలవాలా, కింది నుంచి కుట్టే దోమకు అడ్డం కావాలా అన్నది తేలితే పొరల సంఖ్య దానంతట అదే తేలుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి మైదానాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలకు వచ్చే జవాబు వేరు. పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు రాత్రులకు వచ్చే జవాబు వేరు.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి

ఒంటి పొర హ్యామక్ అంటే ఒకే నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ, రెండు చివర్లా కుచ్చులుగా దగ్గరకు లాగి, అక్కడ తాడో పట్టీయో తగిలించే విధంగా కుట్టినది. రెండు పొరల హ్యామక్‌లో ఒకే కొలత గల రెండు గుడ్డలను ఒకదానిపై ఒకటి ఉంచి అంచుల వెంట కలిపి కుడతారు. అయితే నాణ్యమైన రకాల్లో ఒక పక్కనో తలవైపో కొంత మేర కుట్టకుండా వదిలి, లేదా జిప్పు పెట్టి, రెండు గుడ్డల మధ్యకు ఒక చాపను జొప్పించేందుకు దారి ఉంచుతారు. ఆ దారి ఉన్నప్పుడే రెండో పొరకు పూర్తి ప్రయోజనం ఉంటుంది. చౌక రకాలు కొన్నింటిలో నాలుగు అంచులూ మూసి కుట్టేస్తారు; అటువంటి దానిలో రెండో పొర మోత బరువు పెంచడానికి, ఆలస్యంగా ఆరడానికి తప్ప పెద్దగా ఉపయోగపడదు. అందువల్ల దుకాణంలో అడగవలసిన మొదటి మాట, రెండు పొరల మధ్య చెయ్యి దూరుతుందా అని.

పెట్టె మీద ‘డబుల్’ అని ఉన్నంత మాత్రాన అది రెండు పొరలది కాదు. ఆ మాటను తయారీదారులు ఎక్కువగా వెడల్పుకు, అంటే ఇద్దరు కూర్చోగల పరిమాణానికి వాడతారు. ఉదాహరణకు ఈగల్స్ నెస్ట్ ఔట్‌ఫిటర్స్ అనే అమెరికా సంస్థ అమ్మే సింగిల్‌నెస్ట్, డబుల్‌నెస్ట్ అనే రెండు రకాలూ ఒంటి పొరవే. పొడవులో తేడా లేదు, వెడల్పులో మాత్రం ఒకటి సుమారు నాలుగున్నర అడుగులు, మరొకటి ఆరు అడుగులకు పైన. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు శీర్షికను నమ్మకుండా, వివరాల్లో ‘లేయర్’ అన్న మాట ఎక్కడుందో వెతికి చూడాలి. బొమ్మలు కూడా నమ్మదగినవి కావు, ఎందుకంటే అంచుకు వేరే రంగు గుడ్డ కుట్టిన ఒంటి పొర హ్యామక్ కూడా బొమ్మలో రెండు పొరలదిలాగే కనిపిస్తుంది.

వెడల్పు సంగతి వచ్చింది కనుక ఒక మాట. ఒంటరిగా పడుకునేవారికి కూడా వెడల్పు అవసరమే. హ్యామక్‌లో తల నుంచి కాళ్ల వరకు సరిగ్గా మధ్యగీత వెంట పడుకుంటే నడుము కిందికి కుంగి, మోకాళ్లు వెనక్కి విరిగినట్లు లాగుతాయి. తల ఒక పక్కకు, కాళ్లు మరో పక్కకు వచ్చేలా ఐమూలగా పడుకుంటే వీపు దాదాపు సమంగా ఉంటుంది. దానికి గుడ్డ కనీసం నాలుగున్నర, ఐదు అడుగుల వెడల్పు, పడుకునేవారి ఎత్తు కంటే నాలుగు అడుగులు ఎక్కువ పొడవు ఉండాలి. పది, పదకొండు అడుగుల పొడవున్నవి మనలో చాలామందికి సరిపోతాయి. ఎనిమిది, తొమ్మిది అడుగుల పొట్టి హ్యామక్‌లో ఎన్ని పొరలున్నా రాత్రంతా నిద్ర పట్టదు.

బలం గురించి

70 కిలోల మనిషి హ్యామక్‌లో పడుకుంటే ఒక్కో పట్టీ మీద పడే లాగుడు 35 కిలోలే అనుకోవడం సహజం. పట్టీలు నిట్టనిలువుగా వేలాడితేనే ఆ లెక్క నిజం. పట్టీ అడ్డగీతకు 30 డిగ్రీల కోణంలో వాలి ఉన్నప్పుడు ఒక్కో వైపు లాగుడు పూర్తి 70 కిలోలకు సమానమవుతుంది. కోణం 15 డిగ్రీలకు తగ్గితే అది 135 కిలోలు, 10 డిగ్రీలకు తగ్గితే 200 కిలోలు, 5 డిగ్రీల దగ్గర 400 కిలోలు. అంటే సమంగా ఉంటే సుఖంగా ఉంటుందని భావించి తాడును బిర్రుగా లాగి కట్టినవారు, తమ బరువుకు ఐదారింతల లాగుడును కుట్టు మీద, కొక్కెం మీద, చెట్టు మీద పెడుతున్నారన్నమాట. ఇంత లాగుడులో ముందుగా తెగేది సాధారణంగా చివరి కుట్టు, లేదా నాసిరకం కొక్కెం. రెండో పొర వాటిని కాపాడదు. పిల్లలకు దూలానికి చీరతో కట్టే ఉయ్యాల ఎంత లోతుగా వేలాడుతుందో హ్యామక్ కూడా ఆ తీరులోనే కొంత కుంగి ఉండాలి. ఐమూలగా పడుకునే వీలు కూడా ఆ కుంగుబాటుతోనే వస్తుంది.

ఈ కోణాన్ని ప్రతిసారీ కంటితో అంచనా వేయడం ఇష్టం లేనివారు హ్యామక్ రెండు చివర్లనూ కలుపుతూ పైన ఒక సన్నని తాడు శాశ్వతంగా కట్టుకోవచ్చు. దాని పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం ఉండాలన్నది ప్రచారంలో ఉన్న లెక్క. 3.3 మీటర్ల హ్యామక్‌కు ఇది సుమారు 2.75 మీటర్లు. ఆ తాడు ఉంటే చెట్ల మధ్య దూరం కాస్త అటూ ఇటూ అయినా గుడ్డ కుంగుబాటు మారదు. దోమతెరను వేలాడదీయడానికీ అదే పనికి వస్తుంది.

అలాగని గుడ్డ బలానికి విలువ లేదని కాదు. గుడ్డ మందాన్ని డెనియర్‌లో చెబుతారు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 20 డెనియర్ గుడ్డ ఈకలాగా తేలిపోతుంది కానీ బరువైన మనిషి కింద ఎక్కువగా సాగుతుంది. 40 డెనియర్ మధ్యస్థం. 70 డెనియర్ గుడ్డ ఒంటి పొరగానే చాలామంది పెద్దలను మోయగలదు. సన్నని 30 డెనియర్ గుడ్డను రెండు పొరలుగా వేయడం, మందపాటి 70 డెనియర్ గుడ్డను ఒక పొరగా వేయడం బలం విషయంలో ఇంచుమించు ఒకే ఫలితాన్నిస్తాయి. సన్న గుడ్డ రెండు పొరలలో సాగుడు మాత్రం పంచుకొని తగ్గుతుంది. 90 కిలోలు దాటినవారికి ఈ తేడా వీపుకు తెలుస్తుంది కనుక, వారు సన్న గుడ్డ ఒంటి పొర జోలికి వెళ్లకపోవడం మంచిది. చిన్న చిన్న గళ్లుగా మందపాటి దారం కలిపి నేసిన రిప్‌స్టాప్ గుడ్డకు ముల్లు గుచ్చుకున్నా చిరుగు ఆ గడి దగ్గరే ఆగుతుంది. నగరి, పుత్తూరు మరమగ్గాల మధ్య పెరిగినవారికి గుడ్డను వెలుతురుకు పెట్టి నేత చూడడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ చూపునే ఇక్కడా వాడండి: దారాల మధ్య సందులు కనిపించే వదులు నేత గుడ్డను, అది ఎన్ని పొరలదైనా, పక్కన పెట్టేయండి.

మైదానపు వేడికి ఒంటి పొర

తిరుపతిలో మే నెల పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. రాత్రి పూట కూడా గాలి స్తంభించి, చెమట ఆరని వాతావరణం ఉంటుంది. ఈ స్థితిలో హ్యామక్ ఇచ్చే గొప్ప సౌకర్యం, కింది వైపు నుంచి కూడా గాలి తగలడం. నేలమీది పరుపు, నవారు మంచం మీది బొంత, ఏవీ ఇవ్వలేనిది అది. ఒంటి పొర గుడ్డ గుండా వీపు చెమట త్వరగా ఆరిపోతుంది. రెండు పొరల మధ్య నిలిచే పలుచని గాలి ఆ ఆరుదలను నెమ్మదింపజేస్తుంది. శీతకాలంలో అది మేలే, వేసవిలో బాధే. ఫిబ్రవరి చివర నుంచి అక్టోబరు వరకు మైదానంలో మామిడి తోటల్లోనో ఇంటి మేడ మీదనో పడుకోవడానికే హ్యామక్ కొనేవారికి ఒంటి పొర చాలు, పైగా అదే మేలైనది. మోత సంగతి కూడా ఉంది: పట్టీలు కాకుండా ఒంటి పొరది సుమారు 300 నుంచి 600 గ్రాములుంటే, అదే కొలత రెండు పొరలది 600 గ్రాముల నుంచి కిలో దాకా వస్తుంది.

దోమ సంగతి కాస్త ఆలోచించవలసినది. వీపు బరువుకు బిగువుగా సాగిన సన్న గుడ్డకూ చర్మానికీ మధ్య సందు ఉండదు. దోమ తొండం పొడవు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు కనుక అది గుడ్డ గుండానే కుట్టగలదు. చుట్టూ దోమతెర కట్టుకున్నా, తెర హ్యామక్ అంచుకే ఆగిపోయే రకమైతే అడుగు భాగం బయటే ఉంటుంది. రెండు పొరలు ఈ కష్టాన్ని చాలావరకు తగ్గిస్తాయి, కానీ మనిషి బరువుకు ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి కనుక పూర్తిగా తీర్చవు. మధ్యలో చాప ఉన్నప్పుడే అడ్డు నిజంగా గట్టిపడుతుంది. వేసవిలో దోమ కోసం రెండు పొరలు కొని ఉక్కపోతలో పడుకోవడం కంటే, హ్యామక్‌ను అడుగుతో సహా చుట్టూ కప్పే గొట్టంలాంటి దోమతెరను ఒంటి పొరకు జతచేయడం నాకు తెలివైన పనిగా తోస్తుంది. తెర గుడ్డకు కింద ఒక జానెడు ఎడంగా వేలాడుతుంది కనుక దోమ వీపు దాకా రాలేదు. గాలికి అడ్డమూ ఉండదు. బట్టల మీద వాడే పెర్మెత్రిన్ మందును గుడ్డ అడుగు వైపు చల్లి పూర్తిగా ఆరనిచ్చి వాడుకోవచ్చు. తడిగా ఉన్నప్పుడు అది పిల్లులకూ, నీటిలో కలిస్తే చేపలకూ విషం కనుక చల్లే చోటు చూసుకోవాలి.

మన ఇళ్లలో మంచం కింద దోమల కాయిల్ వెలిగించే అలవాటు ఉంది. హ్యామక్ కింద ఆ పని ఎన్నడూ చేయరాదు. నైలాన్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. గాలికి గుడ్డ ఊగి కాయిల్ మీదికి దిగితే రెండో పొర కూడా క్షణాల్లో కరిగిపోతుంది. చలిమంటకు కూడా హ్యామక్‌ను దూరంగా, గాలికి ఎదురు వైపున కట్టాలి. ఎగిరివచ్చే చిన్న నిప్పురవ్వ చాలు, గుడ్డలో చిల్లు పడడానికి.

కొండల చలికి రెండు పొరలు

హ్యామక్‌లో చలి పైనుంచి రాదు, కింది నుంచి వస్తుంది. ఎంత మందపాటి దుప్పటి కప్పుకున్నా, స్లీపింగ్ బ్యాగులోకి దూరినా, వీపు కింద పడిన భాగం బరువుకు నలిగి అందులోని గాలి పోతుంది. గాలి లేని దూదికి చలిని ఆపే శక్తి ఉండదు. గుడ్డ కింద గాలి నిరంతరం వీస్తూ వీపు వేడిని లాగేసుకుంటూనే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరకు వచ్చిందంటే చాలామందికి వీపు చల్లబడడం తెలుస్తుంది. ఇంట్లో అదే ఉష్ణోగ్రతకు ఒక పలుచని దుప్పటి సరిపోయేవారికి కూడా.

మన ప్రాంతంలో ఎత్తు మారితే ఋతువే మారినట్లుంటుంది. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే, పలమనేరు దాదాపు 680 మీటర్ల మీద, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లకు పైన ఉన్నాయి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కను బట్టి, తిరుపతి కంటే పలమనేరులో మూడు డిగ్రీలకు పైగా, హార్స్‌లీ కొండల మీద ఏడు డిగ్రీల దాకా చలి ఎక్కువ. కొండ మీద వీచే గాలిని కలుపుకుంటే వీపుకు తెలిసే చలి ఇంకా ఎక్కువే. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఇటువంటి చోట్ల రాత్రి గడపదలచినవారికి వీపు కింద ఏదో ఒక అడ్డు ఉండి తీరాలి. రెండు పొరల హ్యామక్‌కు సరైన చోటు ఇదే.

అడ్డుగా అందరికీ దొరికేది ఫోమ్ చాప. ఒంటి పొర హ్యామక్‌లో దానిని నేరుగా వీపు కింద వేసుకుంటే, పక్కకు తిరిగిన ప్రతిసారీ జారిపోయి, తెల్లవారేసరికి చాప ఒక వైపు, మనిషి మరో వైపు ఉంటారు. రెండు పొరల మధ్యకు జొప్పిస్తే అది కదలదు, చర్మానికి నేరుగా తగలదు కనుక చెమటతో అంటుకోదు. చాపను హ్యామక్ పొడవు వెంట నిలువుగా కాకుండా, మీరు పడుకునే ఐమూలకు సరిపోయేలా వాల్చి పెట్టాలి. సాధారణ చాపల వెడల్పు 50 సెంటీమీటర్లే. హ్యామక్ గుడ్డ పక్కల నుంచి భుజాలను చుట్టుకుంటుంది కనుక భుజాల దగ్గర మరి కొంత అడ్డు కావాలి. పరుపుల దుకాణంలో ఎనిమిది, పది మిల్లీమీటర్ల మందం గల ఫోమ్ షీటును కొని, భుజాల చోట వెడల్పుగా, కాళ్ల చోట సన్నగా కత్తిరించుకుంటే సరిపోతుంది. గాలి నింపే పరుపు వాడేవారు దానిని సగానికి కాస్త ఎక్కువ మాత్రమే నింపాలి. బిగువుగా నింపితే అది పలకలా గట్టిపడి గుడ్డ వంపులో ఒదగదు.

హ్యామక్ కింద వేలాడదీసే దూది బొంత కూడా ఉంటుంది, దానిని అండర్‌క్విల్ట్ అంటారు. అది బయట వేలాడుతుంది కనుక నలగదు, ఫోమ్ చాప కంటే వెచ్చగా ఉంటుంది. ఇది గుడ్డ వెలుపల ఉండే వస్తువు కాబట్టి పొరల సంఖ్యతో దీనికి పని లేదు. అండర్‌క్విల్ట్ కొనగలవారు నిస్సందేహంగా ఒంటి పొర హ్యామక్‌తోనే సాగవచ్చు. ఇంట్లో ఉన్న తేలికపాటి బొంతకు నాలుగు మూలలా ఎలాస్టిక్ తాడు కుట్టించి ఇదే పనికి వాడుకోవచ్చు, అయితే అది వీపుకు తగిలీ తగలనట్లు ఉండాలి. బిగువుగా లాగితే దూది నలుగుతుంది, వదులుగా వదిలితే మధ్యలో గాలి దూరుతుంది.

రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి నేను చెప్పేది మూడో దారి. ఒకే కొలత గల రెండు ఒంటి పొర హ్యామక్‌లు కొని, చలికాలంలో రెండింటినీ ఒకే కొక్కేలకు, ఒకదానిలో ఒకటి ఒదిగేలా తగిలించండి. మధ్యలో చాప పెట్టండి. అది అచ్చంగా రెండు పొరల హ్యామక్ చేసే పనే చేస్తుంది. వేసవి రాగానే వాటిని విడదీస్తే ఇంట్లో ఇద్దరు పడుకోవచ్చు. పొడవులు రెండూ సరిసమానంగా ఉండాలన్నది ఒక్కటే షరతు. ఒకటి పొట్టిదైతే బరువంతా దాని మీదే పడుతుంది.

తోటలో చెట్లు, అడవిలో అనుమతి

చిత్తూరు వైపు హ్యామక్ కట్టడానికి మామిడి తోపును మించిన చోటు లేదని అందరూ అనుకుంటారు. మాను గట్టిది, నీడ చిక్కనిది, నిజమే. అయితే పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య పది మీటర్ల ఎడం ఉంటుంది. నాలుగున్నర మీటర్ల ఎడమున్న చెట్ల మధ్య 30 డిగ్రీల కోణం రావాలంటే పట్టీని సుమారు 1.75 మీటర్ల ఎత్తున, అంటే తల ఎత్తున కడితే చాలు. పది మీటర్ల ఎడానికి అదే కోణం కావాలంటే 3.3 మీటర్ల ఎత్తున కట్టాలి, దానికి నిచ్చెన కావాలి. తక్కువ ఎత్తున కడితే హ్యామక్ నేలకు తగులుతుంది. నేలకు తగలకూడదని బిగిస్తే పైన చెప్పిన రెండు వందల కిలోల లాగుడు వస్తుంది. కనుక పాత తోటల్లో రెండు మానుల మధ్య కట్టాలని పట్టుబట్టకుండా, ఒక మానుకూ పక్క చెట్టు నుంచి ఇటువైపు చాచిన లావుపాటి కొమ్మ మొదలుకూ మధ్య, లేదా గట్టు మీది వేప, టేకు చెట్ల మధ్య చోటు వెతకాలి. ఐదు మీటర్ల ఎడంతో వేసిన కొత్త తోటల్లో దూరం సరిగ్గా కుదురుతుంది, కానీ మాను కనీసం మన తొడంత లావు అయ్యేదాకా ఆగాలి. మునగ చెట్టుకు ఎప్పుడూ కట్టరాదు, కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. కొబ్బరి చెట్ల కింద పడుకోవద్దని వేరే చెప్పనవసరం లేదు.

మామిడిలో కాలం కూడా చూడాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూత సమయంలో రైతులు తేనె మంచు పురుగుకు మందు కొడతారు. మందు కొట్టిన తోటలో పడుకోకూడదు, కొట్టని తోటలో ఆ పురుగు కార్చే జిగురు గుడ్డ నిండా పడుతుంది. జూన్, జూలైలో తోతాపురి కోత సమయానికి సొన మరకలు తప్పవు. ఆకులను అతికించి గూళ్లు కట్టే ఎర్రచీమలున్న చెట్టు అయితే, అవి పట్టీ వెంట నడిచి నేరుగా హ్యామక్‌లోకే దిగుతాయి. కట్టేముందు తల ఎత్తి కొమ్మల్లో గూళ్లున్నాయా అని ఒకసారి చూడడం మంచిది. పట్టీ కనీసం అంగుళం వెడల్పు ఉండాలి. సన్న తాడు బెరడును కోసి చెట్టుకు హాని చేస్తుంది, తోట యజమాని రెండోసారి రానివ్వడు.

శేషాచలం అడవుల్లో కట్టుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లడం నేరం. తలకోన కూడా ఈ పరిధిలోనిదే. ఎర్రచందనం దొంగరవాణా వల్ల రాత్రి నిఘా గట్టిగా ఉంటుంది; అనుమతి పత్రం లేకుండా అడవిలో దొరికినవారి మాటను ఎవరూ సులువుగా నమ్మరు. అనుమతించిన బస చోట్లలో కూడా ఏ చెట్లకు కట్టవచ్చో సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. పలమనేరు చుట్టుపక్కల కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకున్న పల్లెల్లో ఏనుగులు రాత్రిపూట పొలాల మీదికి, తోటల మీదికి వస్తుంటాయి. అక్కడ సొంత తోట అయినా బయట హ్యామక్‌లో రాత్రి పడుకోవడం ప్రమాదమే.

వాన, ఆరబెట్టడం

మనకు ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనంతో వస్తాయి. ఆ నెలల్లో ఎన్ని పొరలున్నా పైన టార్పాలిన్ పట్ట లేకుండా కుదరదు. హ్యామక్ గుడ్డ నీరు ఆపడానికి చేసినది కాదు, ఆపితే చెమట కూడా లోపలే నిలుస్తుంది. చెట్టు మీద పడిన నీరు పట్టీ వెంట జారి గుడ్డలోకి రాకుండా, కొక్కేనికి ముందు పట్టీ మీద ఒక చిన్న తాడు ముక్కను కట్టి వేలాడదీస్తే నీరు అక్కడి నుంచి కిందికి కారిపోతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం సరిగ్గా కట్టినది అర్ధరాత్రికి నేలను తాకవచ్చు కనుక వానాకాలంలో నాలుగు వేళ్లు ఎత్తుగానే కట్టుకోవాలి. పాలిస్టర్‌లో ఈ సాగుడు తక్కువ.

ఒంటి పొర గుడ్డ నీడలో గాలికి వేస్తే గంటా రెండు గంటల్లో ఆరిపోతుంది. రెండు పొరలది పైకి ఆరినట్లే కనిపించి లోపల తడిగా ఉంటుంది. అలాగే మడిచి సంచిలో పెడితే బూజు పట్టి వాసన వస్తుంది. దానిని చీలిక గుండా లోపలి వైపు బయటికి తిప్పి ఆరవేయాలి. ఎండలో గంటల తరబడి వదిలేయకూడదు, ఎండ నైలాన్‌ను చివికిపోయేలా చేస్తుంది. పొరల మధ్య ఇసుక, ఎండుటాకులు, అప్పుడప్పుడు తేలు కూడా చేరతాయి కనుక ప్రతి రాత్రీ చాప పెట్టేముందు గుడ్డను బాగా దులపాలి. విప్పిన హ్యామక్‌ను పొదల మీద, గడ్డి మీద వేయడం కూడా మానుకోవాలి. ఈ ప్రాంతంలో కనిపించే స్క్రబ్ టైఫస్ జ్వరం పొదల్లో ఉండే సన్న నల్లి పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కావు) కుట్టడం వల్ల వస్తుంది. నేలకు ఎత్తున పడుకోవడం వల్ల వాటికి దూరంగా ఉన్నట్లే, కానీ గుడ్డనే పొద మీద పరిచి, ఆ తరువాత దానిలో పడుకుంటే ఆ ప్రయోజనం పోయినట్లే.

కొనేటప్పుడు

డబ్బు ఒకేసారి పెట్టలేనివారు ముందుగా మంచి పట్టీలు, కొక్కేలు కొనాలి. తాళంచెవుల గుత్తికి వాడే అల్యూమినియం కొక్కేలు పైకి ఇవే ఆకారంలో ఉంటాయి, మనిషిని మోయలేవు. మోయగలవాటి మీద కిలోన్యూటన్లలో బలం ముద్రించి ఉంటుంది; పన్నెండు కిలోన్యూటన్లంటే సుమారు 1,200 కిలోల లాగుడు. తరువాత ఒంటి పొర హ్యామక్, దానితోపాటు చుట్టూ కప్పే దోమతెర. వానాకాలానికి ముందు పట్ట. మొదటి చలికాలం వచ్చినప్పుడు, నిజంగా కొండ ప్రాంతాల్లో రాత్రులు గడుపుతారని మీకు నమ్మకం కుదిరితే, రెండో ఒంటి పొర హ్యామక్‌నూ ఫోమ్ చాపనూ చేర్చుకోవచ్చు. మొదటి నుంచీ పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపే ఉండేవారు, 90 కిలోలు దాటినవారు, అడుగుతో సహా కప్పే దోమతెర కట్టే శ్రమ వద్దనుకునేవారు నేరుగా చీలిక ఉన్న రెండు పొరలది కొనడమే సరి.

ఇంటికి తెచ్చాక మొదటిసారి కుర్చీ ఎత్తు కంటే ఎక్కువలో కట్టవద్దు. కింద రాళ్లు, మోడులు లేకుండా చూసి, ముందు రెండు చేతులతో గుడ్డను కిందికి గట్టిగా నొక్కి, తరువాత మధ్యలో మెల్లగా కూర్చొని, కాసేపు ఆగి దిగి చూడాలి. చివరి కుట్లలో దారం సాగి సందులు కనబడుతున్నాయా, పట్టీ చెట్టు మీద కిందికి జారిందా, కొక్కెం నోరు పూర్తిగా మూసుకునే ఉందా అని పరీక్షించాలి. కుట్టులో తేడా కనిపిస్తే దర్జీ చేత మళ్లీ కుట్టించి వాడే ప్రయత్నం చేయకుండా, గడువులోగా దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి.